క్రౌన్‌పాయింట్ వేలానికి వెళ్లే ముందు

లలితా,

నవాహో రగ్గులు, అదే అమెరికాలో నవాహో అనే ఆదివాసీలు చేత్తో నేసే ఉన్ని రగ్గులు, కొంటానంటున్నావని, అదీ వేలంలో అని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటినుంచి ఒకపక్క సంతోషం, ఇంకోపక్క టెన్షన్. మేము న్యూమెక్సికోలో, ఆల్బుకర్కీలో ఉన్న రోజుల్లో సెలవులకొస్తే మా హాల్లో రగ్గు మీదే పడుకునేదానివి. ఆ ఇష్టం నీకింకా ఉన్నందుకు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. ఎంతవరకు పాడతావో ఇంట్లోనే కాగితం మీద రాసుకో. సిటీలో వేలం సంస్థలు పాట ధర మీద పాతిక శాతం దాకా, ఒక్కోసారి అంతకుమించి కమీషన్ వేస్తాయి, దాని మీద టాక్స్. తెచ్చిన రగ్గును మడతపెట్టకు, చుట్టిపెట్టు. పురుగు పట్టిందేమో అప్పుడప్పుడు చూసుకో. నీళ్లలో మాత్రం తడపకు, ఎరుపు పక్కనున్న తెలుపులోకి దిగిందంటే ఎవరూ తీయలేరు.

ఇక అంచుల సంగతి. 2012లో కాలిఫోర్నియాలో ఒకాయన ఇంట్లో పడున్న పాత నవాహో దుప్పటి వేలంలో 18 లక్షల డాలర్లు పలికింది. ఆ వార్త చూసి మీ పెదనాన్న స్నేహితుడొకాయనకు ఆశ పుట్టింది. కంప్యూటర్ ముందు కూర్చుని, ఫొటో చూసి, పాత గనాడో రగ్గని (ఆ పేరున్న ఊరి రకం నవాహో రగ్గు) పాడేశాడు. ఎరుపు, బూడిదరంగు, మధ్యలో పెద్ద డైమండ్. అవతల ఇంకొకరు పెంచుతుంటే పంతం వచ్చి నాలుగువేల డాలర్లు దాటించాడు. ఇంటికి రాగానే మమ్మల్ని భోజనానికి పిలిచి చూపించాడు. నేను చివర పట్టుకుని తిప్పగానే వేలికి గరుగ్గా తగిలింది. కత్తిరించిన పడుగు పోగులను, అంటే నిలువు దారాల కొసలను, సూదితో లోపలికి తోసి దాచారు. ఆయన మొహం చూసి నాకు అన్నం సహించలేదు. తిరిగిస్తామంటే, ఉన్నది ఉన్నట్టు అమ్మామన్నారు.

ఎందుకు గరుకో నీకు తెలియాలి. నవాహో మగ్గం నిలువుగా ఉంటుంది. పడుగు ఒకే పొడుగు దారం, పైకీ కిందికీ మలుపు తిరుగుతూ పోతుంది. నేత అయ్యాక కోయాల్సిన కొసలే ఉండవు, కుచ్చులూ ఉండవు. చివరల్లో పేనిన సన్నతాడు వేలికి నున్నగా తగులుతుంది. మెక్సికోలో వహాకా దగ్గర తెయోతిత్లాన్ అనే ఊళ్లో కాలితో తొక్కే మగ్గాల మీద నేస్తారు, అక్కడ పడుగు కోయక తప్పదు. వాళ్ల నేతను తక్కువ చేయను, చక్కటి పనివాళ్లు. దాన్ని నవాహో పేరుతో అమ్మేవాళ్ల మీదే నా కోపం. మన దేశంలో నేయించి తెచ్చినవీ అక్కడి దుకాణాల్లో ఉంటాయి. గాలప్ త్రో అనే చిన్నవాటికి మాత్రం ఒకవైపు కుచ్చులుంటాయి, వాటిని అనుమానించకు.

తర్వాత వెనక్కి తిప్పు. పోచంపల్లి చీర కొనేటప్పుడు అచ్చేసిందా నేసిందా అని మనం వెనకవైపు చూడమూ? అలాగే. ఇక్కడా మామూలుగా రెండువైపులా ఒకే డిజైన్ ఉంటుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే కొన్నిటిలో సన్నటి వాలుగీతలు కనిపిస్తాయి. నేసేవాళ్లు కూర్చున్నచోట అందినంత మేర నేసి పక్కకు జరిగిన గుర్తులవి. డిజైన్లోంచి అంచు దాకా ఒక్క దారం వేరే రంగులో వెళ్లినా లోపం అనుకోకు, కావాలని వదిలే దారి అది.

అందుకే నా మాట విని మొదటిది న్యూమెక్సికోలోని క్రౌన్‌పాయింట్ ఊళ్లోనే కొను. 1968లో మొదలైంది, నేసినవాళ్లే తెచ్చి పెట్టే వేలం అది. తేదీ ఫోన్ చేసి కనుక్కో. పాట మొదలవకముందే వెళ్తే బల్లల మీద గుట్టలుగా పరిచి ఉంటాయి, ఎన్నైనా తిరగేయొచ్చు. డబ్బులో ఎక్కువ భాగం నేసినావిడకే వెళ్తుంది. ఆవిడ ఆ హాల్లోనే ఎక్కడో కూర్చుని తన రగ్గు ఎంతకు పోతుందా అని చూస్తూ ఉంటుంది. గొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, నెలల తరబడి నేసింది. 1864లో అమెరికా సైన్యం నవాహో జనాన్ని నడిపించి తీసుకెళ్లి బోస్కే రెడోండో అనే చోట నిర్బంధిస్తే, నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చి మళ్లీ గొర్రెలతో, మగ్గంతో బతుకు నిలబెట్టుకున్నారు. చవగ్గా కొట్టేశానని ఆవిడ వినేలా సంబరపడకు తల్లీ. నేననే మాటల్లో ఇదొక్కటీ గట్టిగా గుర్తుపెట్టుకో.

నాకు అన్నిటికంటే భయం తిరుగు ప్రయాణం. పాట ముగిసేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. థోరో అనే ఊరి దాకా ఆ రోడ్డు మీద దీపాలుండవు, గుర్రాలూ ఆవులూ అడ్డంగా నిలబడి ఉంటాయి. మీ పెదనాన్న పక్కనున్నా నాకు గుండెలు దడదడలాడేవి. నువ్వు ఒక్కదానివే ఆల్బుకర్కీ దాకా నడపొద్దు. దారిలో గ్రాంట్స్ ఊళ్లో ముందే రూమ్ తీసుకో, వీలైతే ఎవరినైనా తోడు తీసుకెళ్లు. రూముకు చేరగానే నాకు ఫోన్ చెయ్యి. నీకు అర్ధరాత్రి అయితే మాకు పట్టపగలే, మొహమాటపడకు.

మీ పెద్దమ్మ