బాబు ఫొటో తీస్తే అకౌంట్ పోతుందా?

ప్రశ్న: మా బాబుకి పద్దెనిమిది నెలలు. డైపర్ కట్టే చోట ఒళ్లు బాగా కందిపోతే డాక్టరుగారు వీడియో కాల్‌లో సరిగ్గా కనిపించట్లేదమ్మా, ఫొటో తీసి పంపండి అన్నారు. పంపాను. ఆ రాత్రి మా ఆడపడుచు, అలాంటి ఫొటోలుంటే గూగుల్ వాళ్లు అకౌంట్ మూసేసి పోలీసులకు చెప్తారట వదినా అంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. స్నానం చేయిస్తూ తీసిన ఫొటోలు కూడా బోలెడున్నాయి. అసలు మన ఇంటి ఫొటోలు చూసే హక్కు వాళ్లకెవరిచ్చారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు ఏ తప్పూ చేయలేదమ్మా, ముందు స్థిమితపడండి. బిడ్డ ఒళ్లు కడుగుతూ తీసిన ఫొటో, డాక్టరు కోసం తీసిన ఫొటో నేరం కాదు. ఫొటోల విషయంలో మన పోక్సో చట్టం, ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ మాట్లాడేది పిల్లల్ని లైంగికంగా చూపించే చిత్రాల గురించే.

అయితే మీ ఆడపడుచు చెప్పింది పుకారు కాదు. 2021 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రికి అచ్చం ఇదే జరిగింది. చంటివాడికి మర్మాంగం దగ్గర వాపొస్తే, కోవిడ్ రోజులు కాబట్టి నర్సు ఫొటోలు పంపమంది. డాక్టరు చూసి యాంటీబయాటిక్ రాశారు, వాపు తగ్గింది. కానీ ఫొటోలు వాటంతటవే గూగుల్ బ్యాకప్‌లోకి వెళ్లాయి, రెండు రోజులకు అకౌంట్ పోయింది. ఈమెయిల్, కాంటాక్టులు, కొడుకు పుట్టినప్పటి ఫొటోలు, ఫోన్ కనెక్షన్ కూడా ఆ కంపెనీదే కావడంతో నంబరు, అన్నీ ఒక్కసారే. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చారు, కానీ ఆ మాట చెప్పడానికి ఆయన ఫోనూ పని చేయలేదు, మెయిలూ పని చేయలేదు! నెలల తర్వాత పోస్టులో వచ్చిన కవరు విప్పితే గాని ఆయనకు తెలియలేదు. ఆ కాగితం చూపించినా కంపెనీ అకౌంట్ తిరిగివ్వలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఇదంతా రాసింది.

ఇక హక్కు సంగతి. కంపెనీలు ఫొటోలు చూడటంలో రెండు వేర్వేరు పనులున్నాయి, వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. మొదటిది, పిల్లల మీద అఘాయిత్యాల చిత్రాలని ఇప్పటికే గుర్తించి జాబితాలో పెట్టినవాటితో పోల్చడం. 2009లో మైక్రోసాఫ్ట్, హనీ ఫరీద్ అనే ప్రొఫెసర్ కలిసి తయారుచేసిన ఫొటోడీఎన్ఏ చేసేది ఇదే. ఫొటోకి వేలిముద్ర లాంటి ఒక అంకెల వరుస తీసి, తెలిసిన చిత్రాల ముద్రలతో సరిపోలుతుందా అని మాత్రమే చూస్తుంది. మీ బాబు ఫొటో ఆ జాబితాలో ఉండదు కాబట్టి దానికి తగలదు. రెండోది, ఇంతకుముందు ఎవరూ చూడని ఫొటోని చూసి ఇది అలాంటిదేనేమో అని యంత్రం అంచనా వేయడం. శాన్‌ఫ్రాన్సిస్కో ఇల్లు చిక్కుకున్నది ఇందులోనే. ఒక కంపెనీ ఉద్యోగి కూడా ఆ ఫొటో చూశాడు, అయినా జబ్బు అని పోల్చుకోలేకపోయాడు.

మొదటి పనికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ జాబితాలోని ప్రతి చిత్రం వెనకా ఒక బిడ్డ ఉంది, పెద్దదయ్యాక కూడా ఆ చిత్రం ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోందని తెలిసి బతకాలి. అమెరికా చట్టం కంపెనీల్ని వెతకమనదు, కనిపిస్తే మాత్రం తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం అక్కడ పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థకు చెప్పి తీరాలంటుంది. 2019లో కుదిరిన ఒప్పందం వల్ల మన దేశానికి సంబంధించిన సమాచారం అక్కణ్నుంచి ఢిల్లీలోని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీకి, అక్కణ్నుంచి రాష్ట్రాల పోలీసులకు చేరుతోంది.

రెండో పనిలో నాకు కోపం వచ్చేది పొరపాటు జరిగినందుకు కాదు, జరిగాక ఆ తండ్రి మాట వినే మనిషి దొరకనందుకు. డాక్టరు చీటీ పట్టుకెళ్లి ఎవరికి చూపించాలి? సొంత ఫొటోల గురించి ఒక మనిషితో మాట్లాడే వీలు లేనప్పుడు అకౌంట్ మొత్తం లాక్కోవడం అన్యాయం.

యాపిల్ కూడా 2021 ఆగస్టులో, ఐక్లౌడ్‌కి వెళ్లే ఫొటోల్ని ఫోన్లోనే పోల్చి చూస్తామంది. ముప్ఫై దాకా సరిపోలితే తప్ప ఎవరూ చూడరని కూడా చెప్పింది. కానీ ఈరోజు పిల్లల చిత్రాలు, రేపు ఏదో ప్రభుత్వం తనకు నచ్చని కార్టూన్ కూడా జాబితాలో చేర్చమంటే ఎవరు ఆపుతారని నిపుణులు గట్టిగా అడిగారు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు బొమ్మలకు ఒకే ముద్ర వచ్చేలా చేసి చూపించారు కూడా. 2022 డిసెంబరులో యాపిల్ ఆ ఆలోచనే మానుకుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, వాట్సాప్ ఫోల్డర్‌ది కూడా. ఈసారి డాక్టరు అడిగితే బ్యాకప్ ఆపి తీయండి, కందిన చోటు మాత్రమే పడేలా దగ్గర్నుంచి తీయండి, చూపించాక ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. డాక్టరు అడిగిన మెసేజ్, మందుల చీటీ దాచుకోండి. బాబు ఫొటోలన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి, ఈ ఆదివారమే.

ప్రశ్న: వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కదా, మరి అక్కడ ఎలా పట్టుకుంటారు? మా పాత క్లాస్‌మేట్స్ గ్రూపులో ఒకడు పిల్లల అశ్లీల వీడియో ఒకటి పెట్టాడు, నేను తెరవలేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎన్‌క్రిప్షన్ అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేకుండా వేసే తాళం, కాబట్టి మీ మెసేజ్‌లు వాట్సాప్ వాళ్లకు కనబడవు. ప్రొఫైల్ ఫొటోలు, గ్రూపు ఫొటోలు ఎన్‌క్రిప్షన్ బయట ఉంటాయి కాబట్టి వాటిని చూస్తారు, ఎవరైనా రిపోర్ట్ కొడితే ఆ మెసేజ్‌లు వెళ్తాయి. అంటే లోపలున్న మీరే చెప్పాలి. చూశారా ఎంత దారుణమో అంటూ కూడా దాన్ని ఎవరికీ పంపకండి, అదీ నేరమే. డౌన్‌లోడ్ చేసి ఉంచుకున్నా చిక్కే, 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ విషయం స్పష్టంగా చెప్పింది. గ్రూపు పేరు, అతని నంబరు, తేదీ రాసుకుని వాట్సాప్‌లో రిపోర్ట్ కొట్టండి. తర్వాత కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఇలాంటి వాటికి మీ పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. పాత స్నేహితుడని ఆగకండి.