షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోకపోతే: అమ్మలుకు బాబాయి ఉత్తరం

అమ్మలూ,

దీవెనలు. నీ మెయిల్ నిన్న రాత్రే చదివాను. పాత విండోస్ డెస్క్‌టాప్‌లో ఫొటోల ఫోల్డర్ షేర్ చేశావు. నీ లాప్‌టాప్‌లోంచి తెరుద్దామంటే రావడం లేదు. తమ్ముడి కంప్యూటర్‌లో మొన్నటిదాకా వచ్చేది, ఇప్పుడు అక్కడా సగమే తెరుచుకుంటోంది. ఫైర్‌వాల్ (బయటినుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా) ఆపేసి, 'ఎవ్రీవన్'కి, అంటే అందరికీ, ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తే సరిపోతుందా అని అడిగావు. ఆ మాట చూశాకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ రెండూ మాత్రం చేయకమ్మా. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది.

ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఏది చెడిందో తెలిసేదాకా దేన్నీ మార్చకూడదు. 'ఫోల్డర్ రావడం లేదు' అని అందరూ ఒకే మాట అంటారు కానీ, దాని వెనక నాలుగు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. నీ లాప్‌టాప్‌కి ఆ డెస్క్‌టాప్ కనబడకపోవచ్చు. కనబడినా అక్కడిదాకా చేరలేకపోవచ్చు. చేరినా అది నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. గుర్తుపట్టినా ఆ ఫోల్డర్ తెరిచే హక్కు నీకు లేకపోవచ్చు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. పైగా నాలుగు మందులూ ఒకేసారి వేస్తే, రేపు మళ్లీ ఆగినప్పుడు దేనివల్ల బాగయిందో, దేనివల్ల పాడయిందో నీకే తెలియదు.

కాబట్టి ముందు స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకో. నీ మెయిల్‌లో 'ఏదో ఎర్రర్ వస్తోంది' అని రాశావు. ఆ 'ఏదో'లోనే సగం జవాబు ఉంటుంది. నెట్‌వర్క్ పాత్ దొరకలేదని చెప్పి, చివర 80070035 అనే కోడ్ చూపిస్తే నువ్వు ఇంకా గుమ్మం దాకా కూడా వెళ్లలేదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే బాక్స్ వస్తే చాలామంది టెన్షన్ పడతారు కానీ అది మంచి వార్త. వైర్లు, వై-ఫై, ఫైర్‌వాల్ అన్నీ బాగున్నాయి, తలుపు దగ్గర నీ పేరు అడుగుతున్నారని అర్థం. 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అనో, నీకు పర్మిషన్ లేదనో వస్తే సాధారణంగా పేరు కూడా ఒప్పుకున్నట్టే. అప్పుడు రౌటర్ జోలికి వెళ్లకుండా నేరుగా ఫోల్డర్ అనుమతులు చూసుకోవాలి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'నెట్‌వర్క్' నొక్కితే డెస్క్‌టాప్ పేరు కనబడటం లేదన్నావు. దాన్ని ప్రస్తుతానికి పట్టించుకోకు. ఆ జాబితాలో పేరు కనబడటం వేరు, ఫోల్డర్ తెరుచుకోవడం వేరు. జాబితాలోకి రావాలంటే ప్రతి కంప్యూటరూ 'నేనిక్కడున్నాను' అని నెట్‌వర్క్‌లో ప్రకటించుకోవాలి. ఆ పని చేసే సర్వీసు (వెనక నడిచే చిన్న ప్రోగ్రామ్) ఆగిపోతే పేరు రాదు, షేరింగ్ మాత్రం నిక్షేపంగా నడుస్తుంది. ఈ ఉత్తరం ప్రకారం అంతా సరిచేశాక కూడా పేరు కనబడాలని నీకు అనిపిస్తే, డెస్క్‌టాప్ సర్వీసుల్లో 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అనేదాన్ని ఆటోమేటిక్‌గా మొదలయ్యేలా పెట్టు. ఇప్పటికి జాబితా వదిలేసి, ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో నేరుగా అడ్రస్ కొట్టు. డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' (ipconfig) కొడితే దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా, వస్తుంది. అది 192.168.1.5 అనుకుందాం. నీ లాప్‌టాప్‌లో \\192.168.1.5 అని కొట్టి ఎంటర్ నొక్కు. ఇది తెరుచుకుని, కంప్యూటర్ పేరుతో కొడితే మాత్రం రాకపోతే, చిక్కు పేరుని అడ్రస్‌గా మార్చే దగ్గర ఉంది. ఫోల్డర్‌కీ దానికీ సంబంధం లేదు.

అంతకంటే ముందు ఇంకో చిన్న పరీక్ష ఉంది. దీన్ని చాలామంది చేయరు, నేను మాత్రం ఎప్పుడూ వదలను. డెస్క్‌టాప్ ముందే కూర్చుని, అక్కడే \\లోకల్‌హోస్ట్ అని ఇంగ్లిష్‌లో (\\localhost) కొట్టి చూడు. తన ఫోల్డర్ తనకే కనబడకపోతే తప్పు ఆ పెట్టెలోనే ఉంది, నెట్‌వర్క్‌ని నిందించి లాభం లేదు. కనబడిందంటే షేర్ నిజంగానే ఉందని తేలిపోయింది, ఇక దారి మాత్రమే చూసుకోవాలి.

దారి సంగతికొస్తే, 'ఐపీకాన్ఫిగ్' రెండు కంప్యూటర్లలోనూ చూడు. మామూలు ఇంటి నెట్‌వర్క్‌లో రెండిటి అడ్రసుల్లోనూ చుక్కల మధ్య ఉండే మొదటి మూడు సంఖ్యలు ఒకేలా ఉండాలి. ఒకటి 192.168.1 తోనూ ఇంకొకటి 192.168.0 తోనూ మొదలైతే అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయి. ఇంట్లో రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. అడ్రస్ 169.254 తో మొదలైతే ఆ కంప్యూటర్‌కి రౌటర్ దగ్గర్నుంచి అడ్రసే అందలేదు, అది తనకు తాను ఒకటి పెట్టుకుంది.

నాకొకసారి రెండు రోజులు పట్టింది, ఆ సంగతి నీకు చెప్పాలి. ఒక ఇంట్లో అడ్రసులు చూడబోతే అన్నీ ఒకే వరసలో ఉన్నాయి, పాస్‌వర్డ్‌లూ సరైనవే, అయినా పాత్ దొరకలేదనే మెసేజే వస్తోంది. అనుమతులన్నీ తిరగేశాను, ఫోల్డర్‌ని తీసి మళ్లీ షేర్ చేశాను. చివరికి చూస్తే లాప్‌టాప్ ఆ ఇంటి గెస్ట్ వై-ఫైలో ఉంది. గెస్ట్ నెట్‌వర్క్ ఉన్నదే అందుకు: వచ్చినవాళ్లకి ఇంటర్నెట్ ఇస్తుంది, ఇంట్లో మిగతా కంప్యూటర్లను మాత్రం చూడనివ్వదు. కొన్ని రౌటర్లలో అసలు వై-ఫైకే 'ఏపీ ఐసొలేషన్' అనే సెట్టింగ్ ఉంటుంది, అదీ ఇలాగే అడ్డుపడుతుంది. అప్పట్నుంచి నేను అడిగే మొదటి ప్రశ్న 'ఏ వై-ఫైలో ఉన్నావు?' అని. నువ్వు కూడా ముందు అదే చూడు. లాప్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ప్రోగ్రామ్) నడుస్తుంటే కాసేపు ఆపి చూడు, అది కూడా ఇంటి నెట్‌వర్క్‌ని దాచేస్తుంది. డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లిందేమో కూడా చూసుకో.

ఈమధ్యే రౌటర్ మార్చామన్నావు కదా, నాకు ఎక్కువ అనుమానం అక్కడే. రౌటర్ మారితే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా చూస్తుంది. కొత్తదాన్ని సాధారణంగా 'పబ్లిక్' కింద కడుతుంది, అంటే బయట ఊరూపేరూ లేని వై-ఫైలో ఉన్నట్టు జాగ్రత్త పడుతుంది. పబ్లిక్‌లో ఉన్నంతసేపూ ఫైల్ షేరింగ్‌కి ఫైర్‌వాల్ తలుపు వేసే ఉంచుతుంది. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ మీద నొక్కి, దాన్ని 'ప్రైవేట్'కి మార్చు. షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్‌లో ఉన్నాయా చూడు. చాలా ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే పని అయిపోయింది. ఫైర్‌వాల్ మొత్తం ఆపాల్సిన అవసరమే లేదు. ఫోల్డర్ షేరింగ్ నడిచేది టీసీపీ 445వ పోర్టు మీద, అంటే కంప్యూటర్‌లోకి వచ్చే నంబరు వేసిన ఒక గుమ్మం మీద. ప్రైవేట్‌లో ఆ ఒక్క దారీ తెరుచుకుంటే చాలు. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ వేరుగా ఉంటుంది, అందులో కూడా ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా గుర్తించమని చెప్పాలి.

ఇక పేరు, పాస్‌వర్డ్. అందరూ అలిసిపోయేది ఇక్కడే, కోపంతో పాస్‌వర్డ్ రక్షణే తీసేసేది కూడా ఇక్కడే. బాక్స్‌లో అడిగేది నీ లాప్‌టాప్ పాస్‌వర్డ్ కాదు, డెస్క్‌టాప్‌లో ఉన్న ఖాతా పాస్‌వర్డ్. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్తుంటాం కాబట్టి ఇక్కడా అదే కొట్టేస్తాం. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే, నెట్‌వర్క్ మీద చెల్లదు. ఖాతాకి అసలు పాస్‌వర్డే లేకపోతే ఇంకా కష్టం. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాని విండోస్ దూరం నుంచి రానివ్వదు.

నా సలహా ఇది. డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ ఖాతా కొత్తగా పెట్టు. మామూలు యూజర్ చాలు, అడ్మిన్ అక్కర్లేదు. దానికో మంచి పాస్‌వర్డ్ పెట్టి, ఇంట్లో అందరి కంప్యూటర్లలోంచీ ఆ ఖాతాతోనే లోపలికి వెళ్లండి. పేరు అడిగినప్పుడు ముందు డెస్క్‌టాప్ పేరు, తర్వాత ఒక వెనక గీత (\), తర్వాత ఖాతా పేరు కొట్టు. ఏ కంప్యూటర్‌లోని ఖాతా అనే గందరగోళం ఉండదు. మీ నాన్న మెయిల్ ఐడీ పాస్‌వర్డ్ అందరికీ చెప్పాల్సిన పనీ ఉండదు.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఒప్పుకోకపోతే, నీ లాప్‌టాప్ ఎప్పుడో గుర్తుపెట్టుకున్న పాతదాన్ని పంపుతోందేమో చూడు. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ డెస్క్‌టాప్ పేరు మీద గానీ ఐపీ మీద గానీ ఉన్నవి తీసేయి. ఒకే కంప్యూటర్‌కి రెండు పేర్లతో వెళ్లకూడదని 1219 అనే ఎర్రర్ వస్తే, పాత పేరుతో ఒక కనెక్షన్ ఇంకా తెరిచే ఉందన్నమాట. లాప్‌టాప్‌లో సైన్ అవుట్ అయ్యి మళ్లీ రా, పోతుంది.

ఇప్పుడు తమ్ముడి సగం ఫోల్డర్ సంగతి. నువ్వు రాసింది చదవగానే నాకు ఇదే తట్టింది. షేర్ చేసిన ఫోల్డర్‌కి రెండు తాళాలు ఉంటాయి. ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్ కింద ఉండేది ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్ కింద ఉండేది ఇంకొకటి. నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకి రెండూ తెరుచుకోవాలి, రెండింటిలో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చినా సెక్యూరిటీలో పేరు లేకపోతే లోపలికి రాలేరు. నువ్వు అనుకున్న పని చేసి ఉంటే ఒక తాళం విరిగేది, రెండోది అలాగే ఉండేది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లోంచి షేర్ చేస్తే మొదట 'ఎవ్రీవన్'కి రీడ్ మాత్రమే ఇస్తుంది. ఫైలు తెరుచుకుంటుంది కానీ సేవ్ కావడం లేదని ఎవరైనా అంటే అక్కడ చూడు.

పాత ఫొటోలు వస్తున్నాయి, పోయిన నెల వేసినవే రావడం లేదు అన్నావు. ఆ కొత్తవాటిని మీ నాన్న పిక్చర్స్ ఫోల్డర్‌లోంచి కట్ చేసి తెచ్చి పేస్ట్ చేశావు కదూ? ఒకే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే ఫైలు తన పాత అనుమతులతోనే వస్తుంది. అక్కడ మీ నాన్నకి మాత్రమే హక్కు ఉంది, ఇక్కడికొచ్చినా ఆ హక్కే దాని మీద ఉంటుంది. కాపీ చేసి ఉంటే కొత్త ఫోల్డర్ అనుమతులే దానికీ వచ్చేవి. తెరుచుకోని ఒక ఫొటో మీద రైట్ క్లిక్ చేసి సెక్యూరిటీ ట్యాబ్ చూడు, తెరుచుకునే ఫొటోది కూడా చూడు. రెండు జాబితాల్లోని పేర్లు పక్కపక్కన పెడితే తేడా నీ కంటికే కనబడుతుంది. అప్పుడు పై ఫోల్డర్ సెక్యూరిటీలో కొత్త షేరింగ్ ఖాతాకి అనుమతి ఇచ్చి, అడ్వాన్స్‌డ్ నొక్కి, కింద 'రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్' అని మొదలయ్యే గడిలో టిక్ పెట్టి అప్లై చేయి. లోపలి ఫైళ్లన్నీ పై ఫోల్డర్ అనుమతుల దారికి వస్తాయి. ఈ పని ఆ ఒక్క ఫొటోల ఫోల్డర్ మీదే చేయి, డ్రైవ్ మొత్తం మీద ఎప్పుడూ చేయకు.

చూసుకుంటే చాలు అనుకునేవాళ్లకి రీడ్ మాత్రమే ఇవ్వు. పిసినారితనంతో చెప్పడం లేదు. ఇంట్లో ఒక కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే, అది రాసే హక్కున్న షేర్డ్ ఫోల్డర్లన్నిటినీ కూడా పాడుచేస్తుంది. అమ్మమ్మ ఫొటోలు మళ్లీ తీయలేం కదమ్మా.

నెట్‌వర్క్‌కి పాత స్టోరేజ్ డబ్బా ఏదైనా తగిలిస్తే, దాని కోసం ఎస్‌ఎంబీ 1 (విండోస్ ఫోల్డర్ షేరింగ్ పద్ధతిలో మొదటి, పాత రకం) ఆన్ చేయమని ఎవరో ఒకరు చెప్తారు. వద్దు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ పాత పద్ధతిలోని లోపం పట్టుకునే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా వేసే విండోస్‌లో అది మామూలుగా ఉండటమే మానేసింది. డబ్బాకి కంపెనీ అప్‌డేట్ ఉంటే వేసి, ఎస్‌ఎంబీ 2 గానీ 3 గానీ వాడేలా పెట్టు. పాత వీడియోల్లో చెప్పే హోమ్‌గ్రూప్ (ఇంట్లో షేరింగ్‌కి ఒకప్పటి విండోస్ సదుపాయం) కోసం కూడా వెతక్కు, 2018లోనే తీసేశారు. 445వ పోర్టుని రౌటర్‌లోంచి బయటి ఇంటర్నెట్‌కి తెరవమని ఎవరు చెప్పినా వినకు.

అంతా కుదిరాక రౌటర్ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా రిజర్వ్ చేయి. లేకపోతే ఎప్పుడో ఒకరోజు అడ్రస్ మారి, ఈ కథంతా మళ్లీ మొదలవుతుంది.

ముందు వై-ఫై పేరు, తర్వాత పబ్లిక్ ప్రైవేట్, ఆ రెండూ చూశాక వచ్చే మెసేజ్‌ని ఉన్నదున్నట్టు నాకు రాయి. ఒక్కో మార్పు చేసినప్పుడల్లా పాత సెట్టింగ్ ఏమిటో పక్కన రాసి పెట్టుకో, దాన్ని కూడా పంపు. రాత్రికి నేను ఖాళీగానే ఉంటాను, ఫోన్ చేసినా సరే.

మీ బాబాయి