తప్పు రీడర్‌ది కాదు, నమూనాది

ప్రశ్న: మా వద్ద 40 బస్తాల వేరుశనగ కాయలు నిల్వ ఉన్నాయి. డీలరు అమ్మిన చేతి రీడర్‌తో (పరీక్ష స్ట్రిప్‌ను చదివే చిన్న యంత్రం) అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి పరీక్ష చేస్తే ఒకే సరుకుకు 4, 38, 11 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఇన్ని భాగాలు) అని చూపింది. ప్రతిసారీ స్ట్రిప్‌పై రెండు గీతలు వచ్చాయి. విషం ఉన్నట్లేనా, రీడర్ పాడైందా? కార్బెండజిమ్ అనే బూజు మందు చల్లమని డీలరు అంటున్నారు.
– ఒక రైతు, కదిరి ప్రాంతం

జవాబు: రీడర్ పాడైందని నేను అనుకోవడం లేదు, మీరు నమూనా తీసిన తీరే సరిగా లేదు. ఈ విషాన్ని తయారుచేసే అస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు అన్ని గింజలకూ సమానంగా పట్టదు. వేల గింజల్లో ఏ కొన్నింటిలోనో విషం విపరీతంగా ఉంటుంది; ఆ గింజ మీ గుప్పెట్లో పడితే 38, పడకపోతే 4. ప్రతి బస్తాలో పైన, మధ్యన, అడుగున కొంచెం కొంచెం తీసి, మొత్తం కనీసం 5 కిలోలు చేసి, ఒలిచి, పప్పంతా పొడి కొట్టి బాగా కలిపిన తరువాతే కిట్టు అడిగినంత తూకం వేయండి. నమూనాలోంచి ముడత గింజలను ఏరివేసి పరీక్షిస్తే మిమ్మల్ని మీరే మోసగించుకున్నట్లు.

రెండు గీతలు చూసి కంగారు పడనవసరం లేదు. గర్భనిర్ధారణ స్ట్రిప్‌కు ఇది తలకిందులు: విషం పెరిగే కొద్దీ పరీక్ష గీత వెలిసిపోతుంది. ఆ గీతలోని ఎరుపు అతి సూక్ష్మమైన బంగారు కణాలది; అవి ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటాయి కనుక, రీడర్‌లోని చిన్న ఎల్‌ఈడీ గీతపై కాంతి వేస్తే, తిరిగివచ్చిన వెలుతురును ఫొటోడయోడ్ కొలిచి అంకెగా చూపుతుంది. అందుకే కళ్లంలో, ఎండలో చదవకూడదు. నీడలో, రీడర్ కిటికీ గాజుపై దుమ్ము తుడిచి, కిట్టుపై రాసిన నిమిషాలకే చదవాలి. ఫ్రిజ్‌లో ఉంచిన స్ట్రిప్ చల్లదనం పోయాకే కవరు చించాలి.

కార్బెండజిమ్ చల్లవద్దు. ఒకసారి తయారైన విషాన్ని ఏ బూజు మందూ తొలగించలేదు; తినే పప్పులో మందు అవశేషం మాత్రం చేరుతుంది. రీడర్ అమ్మిన చేత్తోనే మందు డబ్బా అంటగట్టే డీలరును, కాయల్లో తేమ ఎంతుందో చూశారా అని అడగండి. తేమ 8 శాతం లోపే ఉండాలి: కాయను ఊపితే గలగలమనాలి, గింజను నలిపితే పొర ఊడాలి. లేకుంటే మళ్లీ ఆరబెట్టండి.

కొత్త నమూనా 15 పీపీబీకి దగ్గరగా వస్తే అమ్మే ముందు ప్రయోగశాలలో ఎలీసా (యాంటీబాడీలతో విషాన్ని కొలిచే) పరీక్ష చేయించండి. అంతకు మించితే ఆ కాయల నుంచి నూనె తీయగా మిగిలిన చెక్కను పాడి పశువులకు పెట్టవద్దు. విషం పాలలోకి వస్తుంది.