అమెరికాలో అందరికీ ఉచిత వైద్యం ఎందుకు లేదు? పన్నెండేళ్ళుగా బిల్లులు కడుతున్నవాడి జవాబు

ప్రశ్న: అమెరికా అంత డబ్బున్న దేశం కదా, అందరికీ ఉచిత వైద్యం ఎందుకు ఇవ్వరు? మా అబ్బాయి ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్తున్నాడు. ఆసుపత్రి ఖర్చులు నిజంగా అంత భయపడాల్సినట్టు ఉంటాయా?

జవాబు:

రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు చాలావరకు అందులోనే ఉంది.

నేను డాలస్ దగ్గర పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్. అంటే వైద్యం విషయంలో ఈ దేశంలో అదృష్టవంతుల లెక్కలోకే వస్తాను. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

2019 జనవరిలో ఒకరోజు అర్ధరాత్రి దాటాక రెండింటికి నడుము దగ్గర కత్తి దింపినట్టు నొప్పి. నేలమీద పడి దొర్లుతున్నాను. మా ఆవిడ ముందు చేసిన పని ఏమిటంటే, ఇన్సూరెన్స్ యాప్ తెరిచి దగ్గర్లో ఏ ఆసుపత్రి మా నెట్‌వర్క్‌లో, అంటే మా ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందంలో, ఉందో వెతకడం. ఆవిడని తప్పు పట్టకండి, అంబులెన్స్ వద్దన్నది నేనే. ఆ నొప్పిలో కూడా అంబులెన్స్‌కి ఎంతవుతుందోనన్న లెక్క బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇరవై నిమిషాలు ఆవిడ కారు నడిపింది. వెనక సీట్లో నిద్రమత్తులో మూడేళ్ళ పిల్లాడు, ముందు సీట్లో ఒళ్ళో ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుని నేను.

కిడ్నీలో రాయి. ఒక సీటీ స్కాన్, ఒక సెలైన్ సీసా, నొప్పికి ఇంజెక్షన్, నాలుగు గంటలు మంచం. తెల్లారేసరికి ఇంటికొచ్చేశాం. రెండు రోజులకి రాయి దానంతటదే పడిపోయింది.

మూడు వారాలకి ఒక కవరు వచ్చింది. లోపలి కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది. ఇక్కడ దీన్ని ఈఓబీ అంటారు, అసలు బిల్లు రాబోతోందని చెప్పే కాగితం. ఆసుపత్రి వేసింది 11,840 డాలర్లు. ఇన్సూరెన్స్ కంపెనీతో వాళ్ళు ముందే మాట్లాడుకున్న రేటు 4,310. మిగిలిన 7,530 డిస్కౌంటట! ఆషాఢం సేల్‌లో చీర మీద రేటు పెంచి రాసి, దాన్ని ఎర్రగీతతో కొట్టేస్తారే, అలాంటిదే. ఇక ఆ 4,310లో నా వాటా. ఏడాదికి మొదటి 3,000 నేనే కట్టుకోవాలి, దాన్నే డిడక్టిబుల్ అంటారు. జనవరి కాబట్టి అందులో ఒక్క డాలరు కూడా అప్పటికి తీరలేదు. ఆ పైన 1,310లో ఇరవై శాతం, అంటే 262, అదీ నాదే. వెరసి 3,262. నెలనెలా జీతంలో కోసుకునే ప్రీమియం వేరు.

బిల్లింగ్ వాళ్ళకి ఫోన్ చేసి, తగ్గించే దారేమైనా ఉందా అని అడిగాను. ఆవిడ పాపం మంచిది, నిజం చెప్పేసింది. "ఇన్సూరెన్స్ లేకుండా వచ్చి ఉంటే మీకు క్యాష్ రేటు 2,900 పడేది" అంది. అయితే అదే తీసుకోండి అన్నాను. "కార్డు ఇచ్చేశారు కదా, ఇప్పుడు కుదరదు" అంది. అంటే ప్రీమియం కడుతున్నందుకు 362 డాలర్లు ఎక్కువ కట్టానన్నమాట. చివరికి పన్నెండు నెలల వాయిదాలు, నెలకి 272. వడ్డీ లేదు, అదొక్కటే ఊరట. ఫ్రిజ్ కొనుక్కున్నట్టు రాయికి ఈఎంఐ కట్టాను.

నన్ను కలవరపెట్టింది ఆ మూడు వేలు కాదు, ఎలాగో కట్టుకోగలిగాను. ఆ నాలుగు గంటల్లో డాక్టరుగానీ, నర్సుగానీ, కౌంటర్లో కూర్చున్నతనుగానీ స్కాన్‌కి ఎంతవుతుందో చెప్పలేదు. అడిగితే వాళ్ళకీ తెలియదు. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు కూడా ఎంతో చెప్పాకే సూది పొడుస్తాడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న.

డబ్బు లేక కాదు. 2023లో అమెరికా మొత్తం వైద్యం మీద ఖర్చుపెట్టింది 4.9 లక్షల కోట్ల డాలర్లు. దేశ ఆదాయంలో 17.6 శాతం, తలకి 14,570 డాలర్లు. తలసరి ఇంత ఖర్చుపెట్టే పెద్ద దేశం ఇంకోటి లేదు. అయినా అదే ఏడాది సుమారు 2.6 కోట్ల మందికి ఏ ఇన్సూరెన్సూ లేదు. ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు గానీ అదీ నిజం కాదు. 65 దాటినవాళ్ళకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్, మాజీ సైనికులకి వేరే ఆసుపత్రులు. అన్నీ కలిపితే ఖర్చులో దాదాపు సగం ప్రభుత్వాలదే. మధ్యలో మిగిలిన వయసువాళ్ళం ఉద్యోగాన్ని నమ్ముకుని బతుకుతున్నాం.

ఇన్సూరెన్స్‌కీ ఉద్యోగానికీ పడిన ఈ ముడి ఎవరూ కూర్చుని ఆలోచించి వేసింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ధరలు పెరగకుండా 1942లో జీతాల మీద కట్టడి పెట్టారు. పనివాళ్ళు దొరకని కాలం, జీతం పెంచడానికి లేదు. దాంతో కంపెనీలు ఆరోగ్య బీమా ఎర వేశాయి. దానికి పన్ను మినహాయింపు కూడా దొరికేసరికి అదే స్థిరపడిపోయింది. 1945లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ దేశమంతటికీ ఒకే బీమా పెడదామంటే డాక్టర్ల సంఘం "సోషలైజ్డ్ మెడిసిన్", అంటే వైద్యాన్ని సర్కారుపరం చేసేస్తున్నారు, అని గగ్గోలు పెట్టింది. అది ముందుకు సాగలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1965లో అధ్యక్షుడు జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టడానికి ట్రూమన్ సొంత ఊరికే వెళ్ళి, మొదటి మెడికేర్ కార్డు ఆయనకే ఇచ్చాడు. ముసలివాళ్ళకీ పేదలకీ దారి దొరికింది కాబట్టి మిగతావాళ్ళ గోల అక్కడితో చల్లబడింది.

2010లో ఒబామా తెచ్చిన చట్టంతో చాలా మారింది. అంతకుముందు షుగరో, గుండెజబ్బో ఉందని చెబితే, సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కుందామన్నా ఇచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ మాట అనడానికి లేదు. కానీ ఆ చట్టం చెప్పినట్టు మెడికెయిడ్‌ని ఇంకా ఎక్కువమంది పేదలకి పెంచాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, మా టెక్సాస్ ఇప్పటికీ పెంచలేదు. ఇక్కడ పిల్లలు లేని, ఒళ్ళు బాగున్న పెద్దవాడు ఎంత పేదవాడైనా మెడికెయిడ్ రాదు. దేశంలో ఇన్సూరెన్స్ లేనివాళ్ళ శాతం అన్నిటికంటే ఎక్కువున్నది ఈ రాష్ట్రంలోనే.

మరి జనం ఎందుకు ఊరుకుంటున్నారు? నా పక్క సీటు అమెరికన్ ఒకతను ఉన్నాడు, చాలా మర్యాదస్తుడు. "నా ఇన్సూరెన్స్ నాకు బాగానే ఉంది, గవర్నమెంటు దీన్ని లాక్కుని ఇంకేదో ఇస్తానంటే నేనెందుకు నమ్మాలి?" అంటాడు. అతని మాట తీసిపారేసేది కాదు. 2024లో కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ ఇన్సూరెన్స్ సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది 6,296. మిగతా 19,276 కంపెనీ దయగా కడుతోందని అందరం అనుకుంటాం. నిజానికి అది మన జీతంలోకి రావలసిన సొమ్మే, కంటికి కనబడదంతే. ప్రభుత్వ బీమా కోసం వేసే పన్ను మాత్రం కనబడుతుంది. వెర్మాంట్ రాష్ట్రం 2011లో అందరికీ ఒకే ప్రభుత్వ బీమా అని చట్టం కూడా చేసుకుంది. తీరా లెక్క వేస్తే కంపెనీల మీద 11.5 శాతం జీతాల పన్ను, మనుషుల మీద ఆదాయాన్ని బట్టి 9.5 శాతం దాకా పడుతుందని తేలింది. 2014 డిసెంబరులో ఆ గవర్నరే, ఎన్నికల్లో ఆ హామీ ఇచ్చినాయనే, వెనక్కి తగ్గాడు.

అయితే "నా ఇన్సూరెన్స్ బాగుంది" అన్న ఆ ధీమా ఎంత పలచనో నాకు 2023లో తెలిసింది. లేఆఫ్ అయ్యాను. నెలాఖరుతో ఇన్సూరెన్స్ అయిపోయింది. పాత ఇన్సూరెన్స్‌నే మనం సొంత డబ్బుతో కొనసాగించుకునే పద్ధతి ఒకటుంది, దాని పేరు కోబ్రా. కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం మనమే కట్టాలి, పైన రెండు శాతం ఖర్చుల కింద. కవరు విప్పితే నెలకి 2,140 డాలర్లని ఉంది. పేరుకు తగ్గట్టే పడగ విప్పింది.

ఒక మిత్రుడు కిటుకు చెప్పాడు. కోబ్రా తీసుకుంటావో లేదో చెప్పడానికి అరవై రోజుల గడువుంటుంది. ఈలోపు ఏమైనా జరిగితే అప్పుడు సంతకం పెట్టి పాత తేదీ నుంచి డబ్బు కడితే చెల్లుతుంది. ఏమీ జరగకపోతే ఆ డబ్బు మిగిలినట్టే. ఇది చట్టప్రకారమే. సరేనని ఆ కాగితం ఫ్రిజ్ మీద తిరుపతి వెంకన్న మాగ్నెట్ కింద పెట్టాం. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికీ అరవై రోజులే. రెండు అరవైలు పక్కపక్కనే కరిగిపోతున్నాయి. ఆ రోజుల్లో మా వాడు సైకిల్ ఎక్కుతానంటే మా ఆవిడ వద్దనేది. పడితే చెయ్యి విరుగుతుందని, విరిగితే 2,140 అని. నలభై ఎనిమిదో రోజున ఉద్యోగం దొరికింది. ఇందుకే ఇక్కడ ఎంతోమంది నచ్చని ఉద్యోగాల్ని పట్టుకుని వేలాడుతుంటారు. టైప్ 1 డయాబెటిస్ ఉన్న కొలీగ్ ఒకావిడ సొంత వ్యాపారం పెట్టుకుంటానని ఏళ్ళుగా అంటూనే ఉంది, పెట్టలేదు.

ఇక మా నాన్న సంగతి. 2022లో అమ్మా నాన్నా ఆరు నెలలు వచ్చారు. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళకి మెడికేర్ రాదు, విజిటర్ ఇన్సూరెన్స్ కొనాలి. కొన్నాను. కానీ పాత జబ్బులకి అది దాదాపు పనికిరాదు, నాన్నకేమో బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. గుంటూరు నుంచి ఆరు నెలల మాత్రలు తెచ్చుకున్నాడు. ఒకసారి ఛాతీలో మంటగా ఉందట, రెండు రోజులు మాకు చెప్పలేదు. అమ్మ చెప్పేసింది. నేను కేకలేస్తే, "నాలుగు వారాల్లో ఇంటికెళ్తాం కదరా, అక్కడ చూపించుకుంటాలే" అన్నాడు. అర్జంట్ కేర్‌కి, అంటే ఎమర్జెన్సీ దాకా వెళ్ళక్కర్లేని జబ్బులు అప్పటికప్పుడు చూసే క్లినిక్‌కి, తీసుకెళ్తే ఈసీజీ తీసి, ఎసిడిటీ అన్నారు. 210 డాలర్లు. ఇంటికొచ్చి కేలెండర్ కాగితం వెనక ఎనభైతో హెచ్చవేసుకుని, "పదహారువేల ఎనిమిది వందలా? గ్యాస్ నొప్పికా?" అని ఆ రోజంతా అదే మాట.

అప్పుడే నాన్న మీరడిగిన ప్రశ్నే అడిగాడు. మా బాబాయికి ఆరోగ్యశ్రీ కార్డు మీద ఒంగోలులో స్టెంటు వేశారు. మనకున్న కార్డు వీళ్ళకి ఎందుకు లేదని. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ పథకం మా వైపు ఎన్ని ఇళ్ళని నిలబెట్టిందో నాకు తెలుసు. కానీ బాబాయి ఆ తర్వాత నెలనెలా మందులు జేబులోంచే కొంటున్నాడు, స్కానింగులూ బయటే. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామనడం రెండు రాష్ట్రాల్లోనూ వార్తల్లో చూస్తూనే ఉన్నాం. కార్డు ఇవ్వడం ఒక ఎత్తు, రేటు తేల్చి డబ్బు కట్టడం ఇంకో ఎత్తు.

అమెరికా గొడవంతా "ఎవరు కట్టాలి" అన్నదాని చుట్టే తిరుగుతోంది. "అసలు ఇంత ఎందుకు" అన్నది వెనక్కిపోయింది. ఒక చిన్న ఉదాహరణ. 2003లో మెడికేర్‌కి మందుల పథకం తెచ్చిన చట్టమే, మందుల కంపెనీలతో ప్రభుత్వం బేరమాడకూడదని రాసుకుంది. దేశంలోకెల్లా పెద్ద కొనుగోలుదారుడి నోరు కట్టేశారన్నమాట. 2022లో గానీ ఆ కట్టు కొంచెం వదులు కాలేదు. అప్పుడే మెడికేర్‌లో ఉన్నవాళ్ళకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటకూడదన్నారు. బేరమాడిన మొదటి పది మందుల కొత్త ధరలు 2026 జనవరి నుంచి. ఇది అందరికీ, అన్నిటికీ ఎందుకు చెయ్యరంటే, మనం ఎక్కువ కట్టే ప్రతి డాలరూ ఎవరో ఒకరి ఆదాయం. ఆసుపత్రులు, మందుల కంపెనీలు, ఇన్సూరెన్సులు, స్పెషలిస్టులు... మనవాళ్ళ డాక్టర్లూ అందులో ఉన్నారు, వాళ్ళతో ఈ మాట ఎత్తితే భోజనాల దగ్గర వాతావరణం మారిపోతుంది.

నా మటుకు నేను, మెడికేర్‌ని అందరికీ తెరవాలనే పక్షం. అందరికీ ప్రభుత్వ బీమా ఉన్న కెనడాలో, టొరంటోలో ఉండే మా కజిన్ ఇది విని నవ్వుతాడు. మోకాలి ఎమ్మారైకి నెలలు ఆగాడు పాపం. "ఆగాను, కానీ కవరు రాలేదు" అని కూడా అతనే అంటాడు. 2025 అక్టోబరులో, సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీల దగ్గరే పార్టీలు పట్టుదలకు పోయి, బడ్జెట్ తేలక 43 రోజులు ప్రభుత్వ కార్యాలయాలనే మూసుకున్నారు ఇక్కడ. కాబట్టి మీ అబ్బాయి ఎమ్మెస్ పూర్తయ్యేలోపు అందరికీ వైద్యం వస్తుందని నేనైతే అనుకోను.

మీ వాడికి నాలుగు మాటలు. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఖరీదుగా కనబడుతుంది. సీనియర్లు బయట చవకది ఉందంటారు, దానికి మారేముందు ఏమేం రావో ఆ పేజీ మొత్తం చదవమనండి. జ్వరానికీ, దెబ్బలకీ క్యాంపస్ క్లినిక్ లేదా అర్జంట్ కేర్, ప్రాణం మీదికొస్తే మాత్రమే ఎమర్జెన్సీ. కానీ ప్రాణం మీదికొస్తే లెక్కలు వేసుకోకుండా వెళ్ళమనండి. 1986 చట్టం ప్రకారం డబ్బు లేదని ఎమర్జెన్సీలో వెనక్కి పంపకూడదు. బిల్లు వస్తే వెంటనే కట్టేయకుండా, ఐటమ్‌వారీగా ఇమ్మని అడగాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆదాయం తక్కువున్నవాళ్ళకి సాయం చేసే పాలసీ ఒకటి ఉండి తీరాలి, విద్యార్థి ఆ ఫారం నింపడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇక పన్నూ కన్నూ ఇక్కడి ఇన్సూరెన్స్ వాళ్ళ దృష్టిలో ఒంటిలో భాగాలు కావు, వాటికి వేరే ప్లాన్లు, వేరే డబ్బు. సెలవుల్లో హైదరాబాద్ వచ్చే ఎన్నారైల్లో సగం మంది రూట్ కెనాల్ అపాయింట్‌మెంట్‌తోనే దిగుతారని నా అనుమానం. మీ వాడి పళ్ళు మాత్రం విమానం ఎక్కకముందే ఒకసారి చూపించండి. కళ్ళజోడు ఉంటే రెండో జత కూడా చేయించి సూట్‌కేసులో పెట్టండి.