లైసెన్స్ ఉన్న రివాల్వర్ పెళ్ళికీ, బ్యాంకుకీ తీసుకెళ్ళొచ్చా?

మీ మావయ్యగారు రొయ్యల డబ్బుతో భీమవరం వెళ్తుంటారు కాబట్టి రివాల్వర్ వెంట ఉంచుకుంటారు, దాంతోనే ఫంక్షన్ హాలుకి కూడా వెళ్ళొచ్చా అని కదండి మీరు అడిగింది.

లైసెన్స్ ఉంటే దగ్గర పెట్టుకోవచ్చు గానీ ముందు అది ఎంతవరకు చెల్లుతుందో చూడండి, ఒక జిల్లాకా, రాష్ట్రానికా, దేశం మొత్తానికా అని అందులోనే రాసుంటుంది, గోదావరి బ్రిడ్జి దాటి అమలాపురం వెళ్తే జిల్లా మారిపోతుంది మరి. బయట తిరిగేటప్పుడు తుపాకీ కవర్‌లోనే ఉండాలి, నలుగురిలో బయటకి తీసి చూపించడం 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం తప్పు.

ఫంక్షన్ హాలు, బ్యాంకు, రైస్ మిల్లు ఇవన్నీ ఒకరి సొంత స్థలాలు, ఓనరు వద్దంటే వద్దంతే, లైసెన్స్ చూపించి లోపలికి వెళ్ళే హక్కేమీ రాదు.

పెళ్ళి ఊరేగింపులో, సంక్రాంతి బరుల దగ్గర సరదాకి గాల్లోకి కాల్చడం మాత్రం అస్సలొద్దండి. జనానికి ప్రమాదం కలిగేలా అలా కాలిస్తే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన గుండు ఎవరింటి డాబా మీదో పడుకున్న పిల్లాడికి తగిలితే ఎవరు తిరిగి తెస్తారు చెప్పండి, నాకు అదే భయం.

ఎలక్షన్లప్పుడు పోలీసులు డిపాజిట్ చెయ్యమంటే స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.