నాయక్ అంటే నాయకుడేనా?

సందేహం: మా తమ్ముడి కొడుకు సైన్యంలో లాన్స్ నాయక్‌గా ఉండి ఈ మధ్యే నాయక్ అయ్యాడు. ఊళ్లో ‘నాయకుడిగా పదోన్నతి పొందిన మన జవానుకు అభినందనలు’ అని ఫ్లెక్సీ కట్టారు. ఇది సరైన ప్రయోగమేనా? – ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

సమాధానం: ముందు అబ్బాయికి నా ఆశీస్సులు. లాన్స్ నాయక్ చేతి మీద ఒక పట్టీ, నాయక్‌కి రెండు, హవల్దారుకి మూడు. ఆ రెండో పట్టీ ఊరికే రాదు. కేడర్ పరీక్ష నెగ్గాలి, రికార్డులో మచ్చ ఉండకూడదు, పైన ఖాళీ ఉండాలి.

ఇక మాట సంగతి. నాయక్ మన నాయకుడే. ‘నీ’ అనే ధాతువుకు తీసుకుపోవడం, నడిపించడం అని అర్థం. నేత, నీతి, నయనం, వినయం, చివరికి పెళ్లిలో అగ్ని చుట్టూ నడిపించే పరిణయం కూడా ఆ ధాతువు బిడ్డలే. కాకతీయుల కాలంలో నాయకుడంటే రాజిచ్చిన ఊళ్ల ఆదాయం అనుభవిస్తూ, అందుకు బదులుగా సైన్యాన్ని పోషించి యుద్ధానికి వెంటబెట్టుకొచ్చేవాడు. 1323లో ఓరుగల్లు పడిపోయాక మళ్లీ కత్తి పట్టిన ముసునూరి ప్రోలయ, కాపయ ఇద్దరూ నాయకులే. విజయనగరంలో ఇలాగే సైనిక సేవకు బదులుగా భూములు పొందినవారు అమరనాయకులయ్యారు. మధుర, తంజావూరుల్లో ఏకంగా సింహాసనమే ఎక్కారు. పల్నాటి నాగమ్మను నేటికీ నాయకురాలనే అంటాం. నాయుడు ఈ మాట నుంచి వచ్చిందే. లంబాడీ తండాలో పెద్దమనిషి నాయక్. సింహాసనం దాకా వెళ్లిన ఈ మాట, కొద్దిమంది సిపాయిలను ముందుండి నడిపేవాడి చేతి మీద నేటికీ బతికి ఉండటం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

లాన్స్‌కు మూలం ఇటాలియన్‌లో ‘విరిగిన ఈటె’. హవల్దారు హవాలా (అప్పగించిన బాధ్యత) నుంచి, సుబేదారు సుబా (రాష్ట్రం) నుంచి వచ్చాయి.

నాకు బాధ కలిగించేది ‘జవాను’. పారశీకంలో దానికి యువకుడని అర్థం, మన ‘యువన్’కు చుట్టం. అది హోదా కాదు. మెట్టు మెట్టూ ఎక్కి సుబేదారైన మనిషిని కూడా పత్రికలు జవాను అనేస్తున్నాయి. ఏళ్ల తరబడి సంపాదించుకున్న హోదాను ఒక్క మాటతో చెరిపేయడం కాదా ఇది? ‘పదోన్నతి పెరిగింది’ అని రాసేవారూ ఉన్నారు. ఉన్నతిలోనే పెరగడం ఉంది కదండీ!

‘నాయక్‌గా పదోన్నతి’ అంటేనే మేలని నా అభిప్రాయం. ఇప్పుడు నాయకుడంటే జనానికి ముందు రాజకీయాలే గుర్తొస్తాయి. అలాగని మీ ఊరివాళ్లది తప్పని కొట్టెయ్యలేను, వ్యుత్పత్తి వాళ్ల పక్షానే ఉంది. మూడో పట్టీ వచ్చినప్పుడు మాత్రం తర్జుమా జోలికి పోకుండా హవల్దారనే వేయించండి.