రెండు రౌటర్లు, కనిపించని ప్రింటర్

ప్రశ్న: మా ఆడిటర్ కార్యాలయంలో వైఫై చాలక మరో రౌటర్ కొని, పాతదాని ల్యాన్ పోర్టు నుంచి కొత్తదాని ల్యాన్ పోర్టుకు కేబుల్ కలిపాం. అప్పటినుంచి కొన్ని కంప్యూటర్లకు ప్రింటర్ కనిపించడం లేదు. ఒకదానికి 169.254తో మొదలయ్యే చిరునామా వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే ఐపీ చిరునామాలను పంచే డీహెచ్‌సీపీ సేవ మీ రెండు రౌటర్లలోనూ నడుస్తున్నట్లుంది. కంప్యూటర్ సాధారణంగా ముందుగా అందిన జవాబునే స్వీకరిస్తుంది కనుక, ఒకటి 192.168.0 వరుసలోకి, దాని పక్కది 192.168.1 వరుసలోకి చేరి, ఒకే గదిలో ఉండి కూడా పరస్పరం కనిపించకుండా పోతాయి. విండోస్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే, చిరునామా ఇచ్చిన డీహెచ్‌సీపీ సర్వర్ ఏదో తెలుస్తుంది. కొత్త రౌటర్ సొంత చిరునామాను పాతదాని వరుసలోనే, పాతది ఇతర పరికరాలకు పంచే పరిధికి వెలుపల ఉండేలా మార్చి, ఆపైన అందులో డీహెచ్‌సీపీని ఆపివేయండి. కేబుల్ ఉన్నచోటే ఉండనివ్వండి. తరువాత కంప్యూటర్లన్నింటినీ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

169.254 సంగతి వేరు. ఏ సర్వరూ జవాబివ్వనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే చిరునామా అది. ముందు ఆ కంప్యూటర్ కేబుల్‌నూ, అది కలిసే నెట్‌వర్క్ స్విచ్ పోర్టునూ మార్చి చూడండి. సిబ్బంది ఫోన్లన్నీ వైఫైలో చేరడంవల్ల చిరునామాలు నిండుకోవడమూ, చిన్న కార్యాలయాల్లో ఎవరికీ తట్టకపోయినా, జరిగేదే. ప్రింటర్‌కు మాత్రం రౌటర్‌లోనే ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించండి.